వాకిలి పసుపు, పెరటి పసుపు

డేలిల్లీల కేటలాగు ముందేసుకుని కూర్చుంటే ఏ రకం కొనాలో తేలకపోగా, కూర్చునేటప్పుడు మనసులో ఉన్న రకం కూడా జారిపోతుంది. నమోదైన రకాలు 80 వేలు దాటి చాలాకాలమైంది. ప్రతి రకానికీ ఒక ఫొటో. ప్రతి ఫొటోలోనూ ఒకటే పువ్వు. అదీ ఎండ ముదరకముందు, రేకు మీద మచ్చ పడకముందు తీసింది. ఆ పువ్వుకు ఒక్కరోజే బతుకు, రేపు ఉండదు. ఫొటోలో కనపడని ఆకు, కాడ, దుబ్బు మాత్రం నెలల తరబడి మన కళ్లెదుటే ఉంటాయి. పువ్వును చూసి కొని, మొక్కతో కాపురం చెయ్యాలి. చిక్కంతా అక్కడే.

అందుకని ఆ వేల రకాలనూ పక్కనబెట్టి రెండు పసుపు రకాలను ఎదురెదురుగా నిలబెడుతున్నాను. ఒకటి హైపీరియన్. రెండోది స్టెల్లా డి ఓరో. రెండూ పాతవే, రెండూ ఇండియానా రాష్ట్రంలో పుట్టినవే. హైపీరియన్‌ను ఫోర్ట్ వేన్‌లో ఫ్రాంక్లిన్ మీడ్ 1924లో బయటపెట్టాడు. స్టెల్లాను మెరిల్‌విల్‌లో వాల్టర్ జబ్లాన్‌స్కీ 1975లో నమోదు చేయించాడు. ఊళ్లు రాష్ట్రానికి చెరో పక్కన, కాలాల మధ్య 51 ఏళ్లు. రంగుల పేర్లు తెలియనివాళ్లు రెంటినీ ‘పసుపు డేలిల్లీ’ అనేసి ఊరుకుంటారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఇంత దూరపు చుట్టాలు ఇంకెక్కడా దొరకరేమో.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. స్టెల్లా వాకిలి పువ్వు, హైపీరియన్ పెరటి పువ్వు. ఒకటి వీధిన పోయేవాళ్ల కోసం, ఒకటి ఇంట్లోవాళ్ల కోసం. ఒకదాని చోట ఇంకొకటి నాటుకుని, ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అని మొక్కను తిట్టుకునేవాళ్లను చాలామందినే చూశాను.

మన పూల అంగళ్లలో లిల్లీ అని తూచి అమ్మే తెల్ల పూలు నేలసంపెంగలు. అవి వేరు, ఇవి వేరు. అసలు లిల్లీలకు పొలుసులు పొలుసులుగా ఉండే గడ్డ ఉంటుంది. డేలిల్లీకి గడ్డ లేదు, దుంపవేళ్లున్న దుబ్బు. చైనా, కొరియా, జపాన్ దీని పుట్టిళ్లు. ఆ దుంపవేళ్లలో దాచుకున్న తిండితోనే అది అమెరికా ఇళ్ల ముందు ఎవరూ పట్టించుకోకపోయినా బతికేస్తుంది.

స్టెల్లాను అమెరికాలోని మనవాళ్లు పేరుతో గుర్తుపట్టకపోయినా చూడని వాళ్లుండరు. ఎడిసన్‌లోనో, నేపర్‌విల్‌లోనో ఇండియన్ కిరాణా కొట్టు ముందు పార్కింగ్ గట్టు మీద, బ్యాంకు ముందు, పెట్రోలు బంకు మూల మీద, కొత్త కాలనీ పేరు చెక్కిన రాయి కింద జూన్‌లో ముద్దగా పూసే పొట్టి పసుపు పూలు అవే. కాడ ఎత్తు 11 అంగుళాలు. పువ్వు వెడల్పు 2.75 అంగుళాలు. రంగు బంగారు పసుపు, కొంచెం నారింజ వైపు మొగ్గినది. గొంతులో చూసీ చూడనట్టు ఆకుపచ్చ. రేకులు గుండ్రంగా వెనక్కి తిరిగి ఉంటాయి. ఆ పేరు అప్పట్లో అమ్ముడయ్యే ఒక బిస్కట్ల డబ్బా మీద నుంచి వచ్చిందంటారు. ఆ రంగు చూస్తే నమ్మబుద్ధే అవుతుంది.

హైపీరియన్ దీనికి అన్నిటా విరుద్ధం. కాడ 40 అంగుళాలు లేస్తుంది, అంటే పెద్దవాళ్లకు నడుము దాకా. పువ్వు పెద్దది, రేకులు సన్నగా సాగి, అంచుల్లో ముడతల్లేకుండా సాదాగా ఉంటాయి. రంగు నిమ్మపండు పసుపు. గొంతుకీ రేకుకీ మధ్య వేరే రంగు పట్టీ ఏదీ లేదు. న్యూజెర్సీ లాంటి చోట జూలైలో మొదలై మూడు నాలుగు వారాలు పూసి అయిపోతుంది, మళ్లీ ఏడాదికే. వాసన ఉంది. వంగి ముక్కు ఆనించి వెతుక్కునే వాసన కాదు, గాలి కాస్త ఆగిన సాయంత్రం పక్కన కుర్చీ వేసుకుంటే దానంతటదే వచ్చే వాసన. స్టెల్లాకు కూడా వాసన ఉందని రాస్తారు. ఉంటే ఉండొచ్చుగాక, అడుగు ఎత్తులో ఉన్న పువ్వు వాసన చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. బ్యాంకు ముందు అది ఎవరు చేస్తారు?

ఈ వాసనకు ఒక వంశవృత్తాంతం ఉంది. డేలిల్లీ జాతుల్లో నిమ్మపసుపు రంగువాటికే పరిమళం ఎక్కువ. వాటిలో ఒకటైన సిట్రినా సాయంత్రం విచ్చుకుని, రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలను పిలుస్తుంది. చీకట్లో రంగుతో పనిలేదు, వాసనతోనే పని. నారింజ ఎరుపు ఫల్వా పగలు విచ్చుకుని సీతాకోకచిలుకలను పిలుస్తుంది; దానికి రంగు చాలు, వాసన పెట్టుకోలేదు. గత శతాబ్దంలో పూలు పెంచేవాళ్లు ఎరుపు, గులాబీ, ఊదా రంగుల కోసం ఫల్వా వైపు రక్తాన్ని ఎక్కించుకుంటూ పోయారు. రంగులు వచ్చాయి, పరిమళం పల్చబడింది. హైపీరియన్ ఆ హడావుడి ముదరకముందు, పసుపు వైపు నిలబడి ఉన్న రకం. ఇవాళ దాన్ని పాతకాలపుదని కొట్టిపారేసేవాళ్లు ఈ ఒక్క లెక్క మర్చిపోతున్నారు.

ఆ హడావుడికి శాస్త్రం పునాది వేసినవాడు ఆర్లో బర్డెట్ స్టౌట్. 1911లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో చేరి, చైనాలోని నాన్‌జింగ్ నుంచి ఆల్బర్ట్ స్టీవర్డ్ పంపిన మొక్కలతో సంవత్సరాల తరబడి సంకరాలు చేశాడు. 1934లో డేలిల్లీల మీద పుస్తకం రాశాడు. ఎరుపనదగ్గ తొలి రకం థెరాన్ కూడా ఆ ఏడాదే బయటికొచ్చింది. ఆయన పేరిట 1950లో మొదలైన స్టౌట్ పతకమే ఈ రంగంలో పెద్ద గౌరవం. స్టెల్లా ఆ పతకం 1985లో అందుకుంది. హైపీరియన్ పేరు ఆ జాబితాలో లేదు. పతకం పుట్టేనాటికే అది పాతికేళ్ల ముసలిది; పోటీలో కొత్తవాటి మధ్య దాన్ని ఎవరు నిలబెడతారు? పతకాల జాబితా చూసి మొక్కలు కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. ఆ జాబితా ఆయా కాలాల అభిరుచిని చెబుతుంది, మీ పెరటికేం కావాలో చెప్పదు.

స్టెల్లా గొప్పతనం ఎక్కడుందో ఒప్పుకోవాలి, లేకపోతే ఈ పోలిక పక్షపాతమైపోతుంది. అంతకుముందు డేలిల్లీ అంటే చాలావరకు ఒక విడత పూసి ఊరుకునే మొక్క. స్టెల్లా మళ్లీ మళ్లీ పూసింది. మామూలు రకంలో ఒక పిలక ఎదిగి, చలికాలం గడిచాక, మరుసటి వేసవిలో కాడ వేస్తుంది. స్టెల్లాలో కొత్త పిలక ఎదగడమే తరువాయి, అదే వేసవిలో కాడ వేసేస్తుంది. అంటే దాని పూత దాని పెరుగుదలకు కట్టుబడి ఉంది. పెరుగుతున్నంతసేపూ పూస్తుంది, పెరుగుదల ఆగితే పూతా ఆగుతుంది. పైగా కెనడా చలికీ తట్టుకుంటుంది, త్వరగా దుబ్బు కడుతుంది, విడదీసి లక్షల కుండీల్లో పెంచినా రకం చెడదు. పూల దుకాణాలకూ, తోటపని కాంట్రాక్టర్లకూ ఇంతకంటే ఏం కావాలి?

అయితే కుండీకి గుచ్చిన చీటీ మీద ‘వేసవంతా పూస్తుంది’ అని ఉంటుంది చూడండి, అది సగం నిజం. జూన్‌లో మొదటి విడత దట్టంగా వస్తుంది. తర్వాత ఒక విరామం. ఆపైన వచ్చేవి ఇక్కడొకటి అక్కడొకటి. ఎండలు ముదిరిన టెక్సాస్‌లో ఆ విరామం మరీ పొడుగు. ఇదివరకు చెప్పిన లెక్కే కారణం: నీళ్లు తగ్గితే పెరుగుదల ఆగుతుంది, ఎరువు లేకపోతే ఆగుతుంది, మూడు నాలుగేళ్లు విడదీయకపోతే దుబ్బు బిగుసుకుపోయి ఆగుతుంది. గింజ కట్టనిచ్చినా అంతే. కొత్త పిలకలకు పోవాల్సిన బలం కాయలోకి పోతుంది. పార్కింగ్ గట్టు మీద నీళ్ల గొట్టాలు గడియారం ప్రకారం తిరుగుతాయి కాబట్టి అక్కడ అది ఆగస్టులో కూడా పూస్తుంది. ఇంట్లో, రెండు వారాలు ఊరెళ్లొచ్చేసరికి, ఉత్త ఆకు.

రోజువారీ పని కూడా చూడాలి. నిన్నటి స్టెల్లా పువ్వు ఇవాళ పొద్దున తడి ముద్దై కాడకు అంటుకుని ఉంటుంది. వేళ్లతో లాగితే జిగటగా జారుతుంది. రేకుల్ని మాత్రమే లాగేస్తే కింద పచ్చటి బొడిపె మిగిలి అదే కాయవుతుంది. బొటనవేలితో మొదట్లో పక్కకు వంచితే టక్కున విరుగుతుంది, పద్ధతి అదే. దుబ్బుకు ఓ పాతిక ముద్దలు, పది దుబ్బులు, ప్రతి పొద్దునా, నడుం వంచి. బ్యాంకు ముందు ఎవరూ ఇది చేయరు. కారులోంచి చూసేవాళ్లకు ముద్దలు కనపడవు కూడా. ఇంటి ముందు గడప దాటగానే కనపడతాయి. హైపీరియన్ ముద్దలు కూడా ముద్దలే, పైగా పెద్దవి. కాని అవి నడుమెత్తులో ఉంటాయి, చేతిలో కాఫీ కప్పు ఉండగానే ఏరెయ్యొచ్చు, మూడు నాలుగు వారాల్లో పని తీరిపోతుంది.

హైపీరియన్‌కూ లోట్లున్నాయి. పూత అయ్యాక ఆగస్టులో పొడుగాటి ఎండుకాడలు, పసుపెక్కిన ఆకులు మిగులుతాయి. పొట్టి స్టెల్లాలో అవి పక్క మొక్కల్లో కలిసిపోతాయి. దీనిలో దాచడం కష్టం. దీని ముందు మోకాలెత్తు దాకా ఇంకేదో మొక్క ఉంటేనే చూపుకు బాగుంటుంది. గాలివాన వస్తే కాడలు వాలుతాయి. నీడలో నాటితే ఎండ వెతుక్కుంటూ ఒకే పక్కకు ఒరుగుతాయి. ఇంకొకటి: డేలిల్లీ పూలు ఎండ వైపు తిరిగి విచ్చుకుంటాయి. ఇంటికి దక్షిణాన కంచె వెంట నాటి, వంటింటి కిటికీ నుంచి చూస్తే కనపడేవి పూల వీపులే. నాటేముందు మీరు ఎక్కడ కూర్చుని చూస్తారో అక్కడ నిలబడి సూర్యుడు ఎటుపక్కన ఉన్నాడో చూసుకోండి. స్టెల్లా పొట్టిది, పై నుంచి చూస్తాం, ఈ బాధ దానికి తక్కువ.

రంగు విషయంలో మాత్రం నేను మెత్తబడను. స్టెల్లా పసుపు దూరానికి పనికొస్తుంది, దగ్గరకు కాదు. ముప్ఫై మైళ్ల వేగంతో పోయే కారుకు అందాలంటే అంత గట్టి రంగే ఉండాలి, నిజమే. అదే రంగును ఎర్ర ఇటుక గోడ ముందు, గులాబీ రంగు పెటూనియాల పక్కన పెడితే రంగులు కొట్టుకుంటాయి. దేనితోనూ కలవదు. హైపీరియన్ నిమ్మపసుపు తెలుపుతో కలుస్తుంది, నీలంతో కలుస్తుంది, ఊదాతో అయితే ఇంకా బాగుంటుంది. నీలి సాల్వియా వెనక హైపీరియన్ దుబ్బు ఒకటి పెట్టి చూడండి. పొద్దు వాలాక స్టెల్లా మట్టిరంగులో కలిసిపోతుంది. హైపీరియన్ మసక వెలుతుర్లో కూడా తేటగా కనపడుతుంది. ఉద్యోగాల నుంచి ఆరింటికి ఇల్లు చేరేవాళ్లు తోట చూసే వేళ అదే కదా.

ఈ రెండింటికీ మధ్యవర్తి లేదా అంటే ఉంది, హ్యాపీ రిటర్న్స్. న్యూజెర్సీలో చాలాకాలం నర్సరీ నడిపిన డారెల్ ఆప్స్ 1986లో నమోదు చేసిన రకం. సూజీ వాంగ్ అనే నిమ్మపసుపు రకాన్నీ స్టెల్లానూ కలిపితే వచ్చింది. ఎత్తు 18 అంగుళాలు, పువ్వు మూడు అంగుళాల పైచిలుకు. స్టెల్లా నుంచి మళ్లీ పూసే గుణం తీసుకుని, రంగు మాత్రం తల్లి వైపు లేతపసుపు తెచ్చుకుంది. వాకిట్లో పొట్టిగా, పలుమార్లు పూసేదే కావాలంటే స్టెల్లా కొనడానికి నాకొక్క కారణమూ కనపడదు, హ్యాపీ రిటర్న్స్ ఉండగా. అది స్టెల్లాను పక్కకు నెట్టకపోవడానికి కారణం మొక్కలో లేదు, అంగట్లో ఉంది: అప్పటికే పదకొండేళ్లుగా లక్షల కుండీలు స్టెల్లావే, కొనేవాళ్లకు తెలిసిన పేరూ అదే. హ్యాపీ రిటర్న్స్‌ను హైపీరియన్‌తో పోలిస్తే మాత్రం చిన్నదే. ఎత్తు లేదు, ఆ పొడుగాటి రేకు తీరు లేదు.

ఇక కేటలాగుల్లో సగం పేజీలు ఆక్రమించే రకాల సంగతి. అంచుల చుట్టూ బంగారు జరీలా కుచ్చులు, కొన్నిటికి పళ్లు కూడా. ఇవి ఎక్కువగా టెట్రాప్లాయిడ్‌లు. మామూలు డేలిల్లీలో 22 క్రోమోజోములుంటే వీటిలో 44. కాల్చిసిన్ అనే రసాయనంతో మొలకల దశలో రెట్టింపు చేయడం నేర్చుకున్నాక వచ్చినవి. ఆర్విల్ ఫే, రాబర్ట్ గ్రీస్‌బాక్ 1961లో షికాగోలో అలాంటివి చూపించి సంచలనం లేపారు. రేకు దళసరి అవుతుంది, రంగు చిక్కనవుతుంది, కాడ బలుస్తుంది. ఆ దళసరే కొన్నిటికి శాపం. ఫ్లోరిడా వేడి రాత్రుల్లో పెంచి ఎంపిక చేసిన కుచ్చుల పువ్వు, ఉత్తరాన 55 డిగ్రీల ఫారన్‌హీట్ రాత్రి గడిచాక పొద్దున్నకి సగమే విచ్చుకుంటుంది. కుచ్చులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, పది గంటలకు కూడా మెలిపెట్టిన గుడ్డలా ఉంటుంది. మధ్యాహ్నానికి పూర్తిగా విచ్చుకుంటే అప్పుడు మీరు ఆఫీసులో ఉంటారు. హైపీరియన్, స్టెల్లా ఈ విషయంలో ఒక్క జట్టు: రెండూ 22 క్రోమోజోముల డిప్లాయిడ్‌లే, రెండూ సాదా రేకులవే, చల్లటి పొద్దున కూడా వేళకు విచ్చుకుంటాయి. కొత్తగా విడుదలైన రకం వంద డాలర్లు దాటడం మామూలే. కొన్నేళ్లలో అదే ఇరవైకి దిగుతుంది. ఆగగలిగితే ఆగండి. ఈలోగా అది మీ ఊరి రాత్రులకు విచ్చుకుంటుందో లేదో కూడా తేలిపోతుంది. ముదురు ఎరుపు, నలుపెక్కిన ఊదా రకాలు కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: ఆ రంగులు ఎండను పీల్చుకుని మధ్యాహ్నానికి వెలిసి, మచ్చలు పడతాయి. పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్న చోటే వాటికి తగినది.

ఇంతవరకూ చెప్పిందంతా చలి ఉన్న చోటికి. హైపీరియన్, స్టెల్లా, హ్యాపీ రిటర్న్స్ మూడూ చలికాలం పూర్తిగా ఆకు చచ్చి నేలలో పడుకునే రకాలు. వాటిని డార్మంట్ అంటారు. ఆ నిద్ర వాటికి అవసరం. చలి సరిగా దిగని చోట, ఉదాహరణకు హ్యూస్టన్ దాటి సముద్రం వైపు, ఫ్లోరిడా దక్షిణాన, చాలా డార్మంట్ రకాలు ఏటేటా పిలకలు తగ్గిపోతూ చివరికి మాయమైపోతాయి. అలాంటి చోట ఏడాదంతా ఆకు నిలుపుకునే ఎవర్‌గ్రీన్ రకాలే దిక్కు. వాటిలో నా ఓటు జోన్ సీనియర్‌కు. 1977లో లూసియానాలో డ్యూరియో అనే పెంపకందారు నమోదు చేయించిన రకం. ఎత్తు 25 అంగుళాలు, పువ్వు 6 అంగుళాలు, తెలుపనదగ్గ రంగు. గొంతులో మాత్రం పసుపు, ఆకుపచ్చ. నిఖార్సైన తెలుపు డేలిల్లీల్లో ఇప్పటికీ రాలేదు. తెలుపని అమ్మేవన్నీ మీగడ రంగో, లేత పసుపో, లేత గులాబీయో. హైదరాబాదులో, విజయవాడలో మేడ మీద కుండీల్లో డేలిల్లీ పెంచాలని సరదాపడేవాళ్లకు కూడా ఇదే లెక్క. స్టెల్లా పేరు ఇంటర్నెట్టులో ఎంత మోగినా మన చలి దాన్ని పడుకోబెట్టదు. నర్సరీలో అడగాల్సిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు, ఎవర్‌గ్రీనా కాదా అని.

ఎవర్‌గ్రీన్‌కు మారినందుకు చెల్లించే సుంకం తుప్పు తెగులు. పక్సీనియా హెమెరోకాల్లిడిస్ అనే శిలీంధ్రం 2000లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బయటపడింది. చలి ఉన్న చోట ఆకుతోపాటు అదీ చస్తుంది. ఆకు చావని చోట చలికాలమంతా బతికి వసంతంలో విజృంభిస్తుంది. అనుమానం ఉంటే తెల్ల టిష్యూ కాగితంతో ఆకు అడుగుభాగం తుడిచి చూడండి. కాగితానికి నారింజ రంగు పొడి అంటితే అదే. అంటిన ఆకుల్ని మొదలంటా కోసి చెత్తబుట్టలో వెయ్యాలి, ఎరువు గుంటలో కాదు.

రోడ్డు పక్కన కాలవగట్ల మీద నారింజ రంగులో విరగబూసే ఫల్వాను చూసి ఉచితంగా ఓ మొక్క పీక్కొచ్చేవాళ్లుంటారు. వద్దు. ఫల్వా జాతిలో ఈ రోడ్డు పక్క రకం మూడు సెట్ల క్రోమోజోముల గొడ్డుమొక్క. గింజ కట్టదు, అందుకని నేల కింద దుంపతీగలు పంపి పాకుతుంది. 16వ శతాబ్దానికే యూరప్ చేరి, అక్కడినుంచి వలస వచ్చినవాళ్ల వెంట అమెరికాకు వచ్చి, పాత ఇళ్లు పడిపోయినా తను మిగిలింది. తవ్వి తీశామనుకున్నాక వేలెడు ముక్క మిగిలినా చాలు, మళ్లీ వస్తుంది. హైపీరియన్, స్టెల్లా ఉన్నచోటే దుబ్బు కడతాయి, ఎక్కడికీ పోవు.

చైనా వంటల్లో ఎండబెట్టిన డేలిల్లీ మొగ్గలు వేస్తారు. అవి ఎక్కువగా సిట్రినావి. మన తోటలోవి పప్పులో వెయ్యొచ్చా అని అడిగేవాళ్లకు నా సమాధానం: నర్సరీ మొక్క మీద ఏ మందు కొట్టారో తెలియనప్పుడు వద్దు. పిల్లి ఉన్న ఇంట్లో అసలు ఏ రకమూ వద్దు. ఆకు, పువ్వు, పుప్పొడి, ఏది నమిలినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. ఈ ఒక్క విషయంలో వాకిలి, పెరడు తేడా లేదు.

ఇక కొనడం. స్టెల్లా పెద్ద దుకాణాల ముందు మే నెలలో బారులు తీరి ఉంటుంది, తప్పు రకం దొరికే ప్రమాదం తక్కువ. హైపీరియన్ అలా దొరకదు. డేలిల్లీలు మాత్రమే అమ్మే నర్సరీల్లోనో, పాతకాలపు తోట ఉన్న పొరుగింట్లోనో దొరుకుతుంది. పొరుగింటివాళ్లు ఇస్తానంటే పూత అయ్యాక, ఆగస్టు చివర్లో అడగండి. దుబ్బు చుట్టూ తవ్వి ఎత్తి, నీళ్ల గొట్టంతో మట్టి కడిగితే తెల్లటి దుంపవేళ్లు బయటపడతాయి. రెండు మూడు పిలకలున్న ముక్కగా చేత్తో విడదీసి, ఆకును జానెడు ఉంచి కోసేసి, పిలక మొదలు నేలలో అంగుళం కంటే లోతుకు పోకుండా నాటాలి. లోతుగా నాటితే ఆకు వస్తుంది, పూత రాదు.

దుకాణంలో కొనేటట్టయితే హైపీరియన్ అని చీటీ ఉన్నదల్లా హైపీరియన్ కాదని గుర్తుంచుకోండి. వందేళ్ల పేరు కదా, ఎత్తుగా ఉన్న ఏ పసుపు డేలిల్లీకైనా తగిలించేస్తున్నారు. వీలైతే జూలైలో, పూత మీదున్నప్పుడు చూసి కొనండి. కాడ మూడడుగులు దాటాలి. రేకు అంచు సాదాగా ఉండాలి, కుచ్చు ఉంటే అది కాదు. గొంతు చుట్టూ వేరే రంగు వలయం కనపడితే అదీ కాదు. చివరి పరీక్ష ముక్కుతో. వాసన రాకపోతే చీటీ ఎంత అందంగా అచ్చేసినా కుండీని అక్కడే వదిలేసి రండి.